చేతిలో పనుంది... కాగితమేదీ?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పనివాళ్లు నేర్చిన పనులనే ఎన్నో దేశాలు అడుగుతున్నాయి. ఆ అవకాశానికీ వీళ్లకూ మధ్య అడ్డుగా నిలిచింది ఏమిటి?

విదేశం అనగానే కోదాడలోనైనా మిర్యాలగూడలోనైనా ముందు నోట వచ్చే పేరు అమెరికా. బీటెక్ కాగానే ఎమ్మెస్, ఆపైన ఉద్యోగం, ఆపైన హెచ్1బీ... ఎన్నో ఇళ్లు ఈ వరుసనే నమ్ముకున్నాయి. దానికోసం ప్లాట్లు అమ్మారు, పొలాలు తాకట్టు పెట్టారు. గల్ఫ్ అంటే అది కరీంనగర్, నిజామాబాద్ వాళ్ల బాట అనుకోవడం కూడా ఇక్కడ మామూలే. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారిన నేల ఇది. ఎడారికి పోయి కష్టపడాల్సినంత అవసరం మనకేమిటన్న ధీమా ఒక తరం వాళ్లకు ఉండేది.

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఈ ఇళ్లన్నింటిలో ఒకేసారి గుబులు పుట్టింది. అప్పు తెచ్చి పంపిన తల్లిదండ్రుల బాధ చిన్నది కాదు. అయితే అదే కాలంలో మరికొన్ని దేశాలు తమకు ఎలాంటి పనివాళ్లు కావాలో జాబితాలు రాసి బయట పెడుతూ వచ్చాయి. ఆస్ట్రేలియా 2024 డిసెంబరు 7 నుంచి అమలు చేసిన జాబితాలో 456 వృత్తులున్నాయి. అందులో డాక్టర్లు, ఇంజినీర్లతో పాటు ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్, వడ్రంగి, డీజిల్ మెకానిక్ కూడా ఉన్నారు. కెనడా 2023 నుంచి తన ‘ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ’లో వైద్యసేవలకూ, చేతివృత్తులకూ విడిగా ఎంపికలు చేస్తోంది. జర్మనీ 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000 దాకా పెంచుతామని ప్రకటించింది. జపాన్ 2019 ఏప్రిల్‌లో ‘నిర్దిష్ట నైపుణ్య కార్మికుల’ వీసా మొదలుపెట్టి, 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం రాసుకుంది. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం, ఆహార తయారీ దాని కిందికి వస్తాయి.

ఈ జాబితాలు చదువుతుంటే ఎక్కడో చూసిన మనుషులే కళ్ల ముందు మెదులుతారు. వాళ్లు మనకు తెలిసినవాళ్లే.

హైవే పక్క షెడ్లు, దామరచర్ల చిమ్నీలు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. రాత్రీ పగలూ లారీలు ఆగని ఈ దారి వెంట లారీ మెకానిక్ షెడ్లు వరుసగా కనబడతాయి. గేరుబాక్సు దించి, క్లచ్ ప్లేటు మార్చి, తెల్లారేలోగా బండిని మళ్లీ రోడ్డెక్కించే మేస్త్రీలు వాటిలో ఉన్నారు. బడి మానేసి పానాలు అందించే పిల్లవాడిగా చేరి, పదేళ్లకు సొంతంగా ఇంజిన్ విప్పి బిగించే స్థాయికి వచ్చినవాళ్లు. ఇంజిన్ చప్పుడు విని ఇంజెక్టర్ తప్పో, వాల్వు తప్పో చెప్పగలరు.

కోదాడ నుంచి దక్షిణానికి, కృష్ణ ఒడ్డు వైపు దిగితే సున్నపురాయి నేల. మేళ్లచెరువు, మఠంపల్లి, పాలకవీడు, ఇంకా కిందికి పోతే వాడపల్లి పక్కన విష్ణుపురం... అంతా సిమెంటు ఫ్యాక్టరీల దారి. కిల్న్ ఆపి మరమ్మతులు చేసే రోజుల్ని ఇక్కడ ‘షట్‌డౌన్’ అంటారు. ఆ రోజుల్లో ఫిట్టర్లు, రిగ్గర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు రేయింబవళ్లు పనిచేస్తారు. మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లులున్నాయి. బాయిలర్ ఆవిరి, డ్రయ్యర్లు, ఎలివేటర్లు, సార్టెక్స్ మిషన్లు నడవాలంటే చేతిలో పని ఉన్న మనిషి ఉండాల్సిందే.

వీటన్నింటికీ మించినది దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర కట్టిన యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం 4,000 మెగావాట్లు. ఇలాంటి కేంద్రం బాయిలర్‌లో గొట్టాలను కలిపే అతుకులు వేలల్లో ఉంటాయి. ఎక్కువ పీడనం భరించాల్సిన అతుకులను ఎక్స్‌రే తీసి చూస్తారు. లోపల వెంట్రుక మందం పగులు కనబడినా కోసేసి మళ్లీ వేయిస్తారు. ప్రపంచంలో ఎక్కడైనా నూనె శుద్ధి కర్మాగారానికి, గ్యాస్ పైపులైనుకు, ఓడల తయారీకి కావలసిన వెల్డింగ్ ఇలాంటిదే. ఇంత పెద్ద పని మన గడప ముందే జరిగింది. మన పిల్లలెందరో దాంట్లో హెల్పర్లుగా చేరి, హెల్పర్లుగానే బయటికొచ్చారు. ఆ కొలిమి దగ్గర నిలబడి కూడా పరీక్ష రాయించుకుని సర్టిఫికెట్ తెచ్చుకునే ఏర్పాటు వాళ్లకు ఎవరూ చేయలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే.

‘‘పని మొత్తం వస్తది సార్, కాగితమే లేదు.’’ ఇక్కడి షెడ్లలో, సైట్లలో మాట కలిపితే మళ్లీ మళ్లీ వినిపించేది ఈ ఒక్క మాటే.

రెండేళ్లా, ఏడాదా?

కాగితం అంటే ఏదో ఒక సర్టిఫికెట్ అనుకుంటే సరిపోదు. ఏ దేశం ఏది అడుగుతుందో ముందే తెలుసుకోకపోతే కష్టపడి సంపాదించిన కాగితం కూడా పనికిరాకుండా పోతుంది.

జర్మనీ సంగతే చూడండి. అక్కడికి వెళ్లి పని చేసుకుంటూనే మన చదువుకు గుర్తింపు తెచ్చుకునే వీలు 2024 మార్చి నుంచి వచ్చింది. షరతులు: ఉద్యోగమిచ్చే యజమాని ఒప్పందం, కనీసం ఏ2 స్థాయి జర్మన్ భాష, ప్రభుత్వం గుర్తించిన రెండేళ్ల వృత్తి శిక్షణ. ఈ ‘రెండేళ్ల’ దగ్గరే మన ఐటీఐ పిల్లల దారులు చీలిపోతాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఏసీ-రిఫ్రిజిరేషన్ మెకానిక్, మోటారు వెహికల్ మెకానిక్ రెండేళ్ల కోర్సులు. వెల్డర్, ప్లంబర్, డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సులు. త్వరగా సంపాదనలో పడాలని ఏడాది ట్రేడ్ ఎంచుకున్న కుర్రాడికి, పదిహేనేళ్ల వయసులో దరఖాస్తు నింపిన రోజునే ఒక తలుపు మూసుకుపోయిందన్న సంగతి ఎవరు చెబుతారు? ఐటీఐలో చేరే వేళ ప్రతి ఇంటికీ తెలియాల్సిన మొదటి విషయం ఇది. ఏడాది ట్రేడ్ చేసినవాళ్లకు దారులు లేవని కాదు. వాళ్లు చూడాల్సిన దేశాలు వేరు, రాయాల్సిన పరీక్షలు వేరు.

వెల్డర్‌కు ప్రపంచమంతా తెలిసిన పరీక్ష ఉంది. ప్లేటు మీద నిలువుగా వేస్తే 3జీ, తల మీద వేస్తే 4జీ. కదలకుండా బిగించిన గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో పెట్టి చుట్టూ వేయిస్తే 6జీ. 6జీ నెగ్గినవాడు మిగతా భంగిమల్లోనూ వేయగలడని లెక్క. అమెరికన్ ప్రమాణాల ప్రకారం ఈ పరీక్షలు హైదరాబాద్‌లో రాయించుకోవచ్చు. గల్ఫ్ ఆయిల్ కంపెనీల ఇంటర్వ్యూల్లో ఎన్నేళ్ల అనుభవమని అడిగే ముందే చేతికి టార్చి ఇచ్చి గొట్టం ముక్క మీద వేయమంటారు. సౌదీ అరేబియా ఇంకో అడుగు ముందుకేసి వెల్డర్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ వంటి వృత్తులకు వీసా కన్నా ముందే మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతోంది. ఏజెంట్ల నోట అది ‘తకామోల్ టెస్టు’.

ఆస్ట్రేలియా పద్ధతి మరోలా ఉంటుంది. ‘ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా’ అనే సంస్థ ముందు మన శిక్షణ, అనుభవం తాలూకు పత్రాలన్నీ చూస్తుంది. తర్వాత పని తెలిసినవాళ్లతో ప్రశ్నలడిగిస్తుంది, కొన్ని వృత్తుల్లో చేయించి చూస్తుంది. ఇంగ్లిష్ పరీక్ష సరేసరి. ఇక్కడే మన హైవే మేస్త్రీ చిక్కుకుపోతాడు. ఆయన పదేళ్ల అనుభవం ఏ రికార్డులోనూ లేదు. కూలి చేతికే ఇచ్చారు, బ్యాంకులో పడలేదు. షెడ్డు యజమాని దగ్గర లెటర్‌హెడ్ లేదు. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద చేసినవాళ్ల పరిస్థితి కాస్త మెరుగు. వాళ్లకు పీఎఫ్ నంబరు ఉంటుంది. ఏ కంపెనీ కింద ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశారో ఆ పాస్‌బుక్‌లో నెలవారీగా నమోదై ఉంటుంది. పీఎఫ్ అంటే జీతంలో కోత అని విసుక్కుని వద్దనిపించుకునే కుర్రాళ్లు ఎందరో. పదేళ్ల తర్వాత తమ అనుభవానికి మిగిలే సాక్ష్యాల్లో బలమైనది అదేనని వాళ్లతో కూర్చుని చెప్పాలి.

ఇక పేర్ల గొడవ. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్ కార్డులో పొడి అక్షరం మాత్రమే, పాస్‌పోర్టులో మొత్తం విడదీసి. తండ్రి పేరు ఒకచోట ‘వెంకయ్య’, మరోచోట ‘వెంకటయ్య’. మన ఊళ్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. అవతలి దేశం అధికారికి మాత్రం వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు. ఉద్యోగం ఖాయమయ్యాక గెజిట్‌ల చుట్టూ, మీసేవల చుట్టూ తిరగడం కన్నా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టే ముందే అన్ని పత్రాల్లో పేరు ఒకేలా సరిచేసుకోవడం చాలా తేలిక. టెన్త్ పాసైనవాళ్లకు మరో వెసులుబాటూ ఉంది. గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు తీసుకోవాల్సిన ఎమిగ్రేషన్ క్లియరెన్స్ వాళ్ల పాస్‌పోర్టుకు అక్కర్లేదు. టెన్త్ మధ్యలో వదిలేసినవాళ్లు ఓపెన్ స్కూల్‌లో అది పూర్తిచేసుకుంటే ఎన్నో చోట్ల పనికొస్తుంది.

నర్సమ్మల దారి

ఈ మూడు పట్టణాల ఆడపిల్లలకు అన్నిటికన్నా విశాలంగా తెరుచుకున్న దారి నర్సింగ్. 2019లో సూర్యాపేటలోనూ, నల్లగొండలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పెద్దాసుపత్రి, ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ల అనుభవం కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిన అవసరం అంతమేరకు తగ్గింది. జీఎన్ఎం అయినా బీఎస్సీ నర్సింగ్ అయినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరై, రెండు మూడేళ్లు వార్డుల్లో పనిచేసిన అమ్మాయికి చాలా దేశాల్లో చోటుంది.

గల్ఫ్‌కు వెళ్లే నర్సుల కోసం కేంద్రం 2015లో ఒక మంచి కట్టుబాటు పెట్టింది. కేరళలో నర్సుల దగ్గర ప్రైవేటు ఏజెంట్లు లక్షలకు లక్షలు గుంజిన ఉదంతాలు బయటపడ్డాక, ఆ 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో ఆ పని చేసేది టామ్‌కామ్, అంటే తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉంది. దుబాయ్‌కో సౌదీకో వెళ్లాలంటే ఆ దేశపు లైసెన్సు పరీక్ష నెగ్గాలి. చదివిన కాలేజీ నుంచి చేసిన ఆసుపత్రి దాకా ప్రతి పత్రాన్నీ ‘డేటాఫ్లో’ అనే పద్ధతిలో సరిచూస్తారు. పని చేయకుండానే అనుభవ పత్రం ‘కొనుక్కున్న’వాళ్లు దొరికిపోయేది అక్కడే. దొరికితే ఆ ఒక్క దేశంతో పోదు, మిగతా గల్ఫ్ దేశాల్లోనూ ఇబ్బంది అవుతుంది.

జర్మనీకి భాషే అసలు పరీక్ష. బీ1 స్థాయి జర్మన్ వస్తే అక్కడ అడుగు పెట్టొచ్చు. బీ2 తెచ్చుకుని, గుర్తింపు ప్రక్రియ పూర్తిచేశాకే పూర్తిస్థాయి నర్సు. అప్పటిదాకా సహాయకురాలి హోదా, సహాయకురాలి జీతం. ఈ సంగతి ముందు తెలియక వెళ్లిన పిల్లలు మొదటి ఏడాది బాగా కుంగిపోతారు. బీ1 దాకా రావడానికి ఎనిమిది, పది నెలలు రోజూ కూర్చుని చదవాలి. తెలుగు మీడియంలో చదివిన అమ్మాయికి ఇది అందనిదేం కాదు. జర్మన్ భాష అక్కడికి వెళ్లే అందరికీ కొత్తదే, ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా. జపాన్‌కు వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లేవాళ్లకు ఎన్4 స్థాయి జపనీస్, దాంతోపాటు సంరక్షణ పరీక్ష ఉంటాయి. ఆ వీసా మొదటి దశలో అయిదేళ్ల దాకా ఉండొచ్చు గానీ కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు. పెళ్లయిన అమ్మాయి, పసిబిడ్డ ఉన్న తల్లి ఆ ఒక్క వాక్యాన్ని ఇంట్లో అందరి ముందూ చదివించుకోవాలి.

జాబితాలు రాతి మీద రాసినవి కావు. బ్రిటన్‌లో కేర్ వర్కర్ల వీసా కోసం మన తెలుగు పిల్లలు ఎంతోమంది పరుగెత్తారు. ఎమ్మెస్ పూర్తయి ఉద్యోగం దొరకనివాళ్లు కూడా అందులోకి మారారు. 2024 మార్చి 11 నుంచి వాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోకుండా ఆపేశారు. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లను తీసుకోవడమే మానేశారు. రిజిస్టర్డ్ నర్సులకు మాత్రం ఆ దారి మూయలేదు. నాకు దీంట్లో స్పష్టంగా కనబడుతున్నది ఒకటే. తేలికగా దొరికే వీసా ముందుగా మూసుకుపోతుంది. కౌన్సిల్ రిజిస్ట్రేషన్, లైసెన్సు పరీక్ష అడిగే వీసా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఎవరికెంత ఇవ్వాలి?

ఈ ప్రశ్నకు చట్టంలోనే జవాబుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సున్న ఏజెంటు ఉద్యోగం ఇప్పించినందుకు తీసుకోదగ్గ గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికీ రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు అడిగాడంటే అతను చట్టాన్ని దాటుతున్నట్టే. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ‘ఈమైగ్రేట్’ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు, అతని చేతికి మనం డబ్బు ఇవ్వకూడదు. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చని చెప్పేవాడి మాట అసలు వినకూడదు. అలా వెళ్లినవాళ్లకు ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్లే కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా కింద పది లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు. ఇంత తక్కువ ఖర్చుతో వచ్చే భద్రతను విజిట్ వీసా మీద వెళ్లేవాళ్లు పోగొట్టుకుంటున్నారు.

కంప్యూటర్ చదివిన పిల్లలకు ఇంకో ప్రమాదం. డేటా ఎంట్రీ పనని థాయ్‌లాండ్ పిలిచి, అక్కణ్నుంచి మయన్మార్, కంబోడియాల్లోని సైబర్ మోసాల శిబిరాలకు తరలించిన ముఠాల సంగతి ఇప్పుడందరికీ తెలిసిందే. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలంగాణ, ఆంధ్ర యువకులు ఉన్నారు. నైపుణ్యం ఏదీ అడగకుండా, ఏ పరీక్షా పెట్టకుండా లక్ష జీతం ఇస్తానన్న పిలుపు వస్తే అనుమానించాల్సింది అక్కడే.

జీతం ఎంత పెద్దదైనా ఎక్కడికి వెళ్తున్నామో కూడా చూసుకోవాలి. ఇజ్రాయెల్‌తో 2023లో కుదిరిన ఒప్పందం 42,000 మంది భారతీయుల గురించి. అందులో 34,000 నిర్మాణ పనులకు. 2024లో హైదరాబాద్‌లో జరిగిన ఎంపికల్లో షట్టరింగ్, ఇనుము వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్ పనులు చేయించి చూసి తీసుకున్నారు. డిగ్రీ అడగలేదు, చేతినే పరీక్షించారు. నెలకు లక్ష రూపాయలకు పైగా జీతం. కానీ అప్పటికి అది యుద్ధం నడుస్తున్న నేల. 2024 మార్చిలో ఉత్తర ఇజ్రాయెల్ పొలంలో క్షిపణి పడి కేరళ కార్మికుడు ఒకరు చనిపోయారు. వెళ్లాలా వద్దా అన్నది ఆ కుటుంబం తేల్చుకోవాల్సిందే. అన్నీ తెలిసి తేల్చుకోవాలన్నదే నా కోరిక.

మల్లేపల్లి దాకా ఎందుకు రావాలి?

టామ్‌కామ్ ఆఫీసు హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది. జర్మన్, జపనీస్ శిక్షణలు కూడా హైదరాబాద్‌లోనే. కోదాడ కుర్రాడు పొద్దున్నే బస్సెక్కితే నాలుగు గంటల ప్రయాణం, పైగా ఆ రోజు కూలి పోతుంది. హాస్టల్ ఖర్చు భరించి నెలల తరబడి అక్కడ ఉండి భాష నేర్చుకోవడం మిల్లు కార్మికుడి బిడ్డకు సాధ్యమయ్యే పని కాదు. ప్రభుత్వం 2024 జూన్‌లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో ఆధునిక శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. కొత్త యంత్రాలు రావడం సంతోషం. ఆ గదుల్లోనే సాయంత్రం పూట ఒక జర్మన్ తరగతి, ఒక జపనీస్ తరగతి, నెలకోసారి వెల్డింగ్ పరీక్ష, షెడ్డు మేస్త్రీల అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. సూర్యాపేటలోనూ మిర్యాలగూడలోనూ అడగాల్సింది దీన్నే. రోడ్లు అడిగినంత గట్టిగా అడగాలి.

ఇంకో భయం చాలామందికి ఉంటుంది. ఇన్ని డబ్బులు పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నాక వీసా రాకపోతే? ఆ భయం న్యాయమైనదే గానీ, ఈ చదువుల్లో పెట్టిన డబ్బు ఊరికే పోదు. మన దేశంలోనే బాయిలర్ల నిబంధనల ప్రకారం అధిక పీడన గొట్టాలకు అతుకు వేయాలంటే పరీక్ష నెగ్గిన వెల్డర్ అయి ఉండాలి. ఆ సర్టిఫికెట్ లేనివాణ్ని ఎంత పనిమంతుడైనా గొట్టం దగ్గరికి రానివ్వరు. మిర్యాలగూడ మిల్లులో బాయిలర్ చూసుకునే మనిషికీ చట్టం అడిగే అర్హత పత్రం ఉంది. దామరచర్లలో యూనిట్లు నడుస్తున్నంత కాలం ఏటా వాటికి ఓవర్‌హాలింగ్ ఉంటుంది. మేళ్లచెరువులో, మఠంపల్లిలో షట్‌డౌన్లు వస్తూనే ఉంటాయి. సర్టిఫికెట్ ఉన్న వెల్డర్ రోజు కూలికీ హెల్పర్ రోజు కూలికీ తేడా ఎంతో ఆ పనులకు మనుషుల్ని తెచ్చే కాంట్రాక్టర్లను అడిగితే చెబుతారు. హెల్పర్‌గా మిగిలిపోయిన పిల్లలకు ముందు ఆ పరీక్ష ఫీజు కట్టించగలిగితే, వీసా సంగతి తర్వాత చూసుకోవచ్చు.